ఊపిరిని కొలుచు చట్టము

2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున కర్నూలు చేరువను చిన్నటేకూరు వద్ద, హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవుచుండిన ప్రైవేటు బస్సొకటి దగ్ధమై 19 మంది ప్రయాణికులు ప్రాణములు గోల్పోయిరి. దారిలో పడియున్న మోటారు సైకిలును బస్సు ఈడ్చుకొనిపోగా నిప్పు పుట్టెను. ఆ మోటారు సైకిలు నడపినవాడు బస్సు వచ్చుటకు మునుపే జారిపడి మరణించెననియు, అతడు మద్యము సేవించియుండినట్లు ఫోరెన్సిక్ పరీక్షలో తేలెననియు పోలీసులు పిమ్మట ప్రకటించిరి. బస్సు నిర్మాణమును గూర్చియు, అందలి భద్రతను గూర్చియు ప్రశ్నలు వేరుగా గలవు, అవి విచారింపదగినవే. మే మిచ్చట ఎత్తిచూపదలచినది వేరొకటి. ఆ యువకుడు త్రాగియుండెనని లోకమునకు నిస్సందేహముగా తెలియుటకు అతని శవపరీక్ష అవసరమయ్యెను. అదే దారిలో, అదే గంటలో, అదే స్థితిలో బండి నడపి క్షేమముగా ఇల్లు చేరు వారి లెక్క ఎవరి పుస్తకములోను లేదు.

ఇట్టి ఘోరము జరిగినప్పుడెల్ల చట్టము చాలదు, శిక్ష పెంచుడని కేక వినవచ్చుచుండును. మన చట్టము మెత్తనిదని తలచువారు ఒకసారి దానిని చదువుట మంచిది. మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నట్లు పరీక్షలో తేలినచో నేరము. ఇంగ్లాండులో ఈ హద్దు 80 మిల్లీగ్రాములు. స్కాట్లండు 2014లో దానిని 50కి దించుకొనెను. నార్వే, స్వీడనులలో 20. అనగా మన హద్దు ఇంగ్లీషువారి హద్దులో సగముకంటెను తక్కువ. శిక్ష విషయమో, 2019 వరకు మొదటి తప్పునకు జరిమానా 2,000 రూపాయలకు మించక యుండెడిది. ఆ యేటి సవరణచే అది 10,000 అయ్యెను. ఆరు నెలల వరకు ఖైదును విధింపవచ్చును. మరల పట్టుబడినచో 15,000 రూపాయలును, రెండేండ్ల వరకు ఖైదును. కావున కాగితముమీద మన చట్టము ఎవరికిని తీసిపోదు. లోపము శిక్షలో లేదు; కొలతలో ఉన్నది.

కొలత యనుమాట మేము వట్టిగా వాడుట లేదు. ఈ నేరము తక్కిన నేరములవంటిది కాదు. దొంగతనమునకు సొత్తు సాక్ష్యము, హత్యకు శవము సాక్ష్యము. త్రాగి నడపుటకు సాక్ష్యము గంటగంటకు శరీరములోనే కరగిపోవుచుండును. అందుచేతనే ఈ నేరము పుట్టిన నాటినుండి దానిని రుజువుపరచుట న్యాయస్థానములకు తలనొప్పియై యున్నది. 1897లో లండనునందు విద్యుచ్ఛక్తితో నడచు టాక్సీని ఒక గోడకు గ్రుద్దిన డ్రైవరు తానే తప్పొప్పుకొనెను గనుక చిక్కు లేకపోయెను. ఒప్పుకొననివారి సంగతి యేమి? వైద్యుడు వచ్చి గీతమీద నడువుమనును, నాలుక తిరుగని పదములను పలుకుమనును, కంటిపాపలు చూచును. గట్టి గుండెగల త్రాగుబోతు గీత తప్పకుండ నడచును. భయస్థుడు నీరు మాత్రమే త్రాగియు తూలిపోవును. 1936లో నార్వే మొట్టమొదట ఈ అంచనాల పద్ధతిని విడిచి, రక్తములో ఇంత అను సంఖ్యనే నేరముగా నిర్ణయించెను. అమెరికాలో హార్గర్ 1930ల దశాబ్దములో ఊపిరితో నింపిన బుడగనుండి మద్యసారమును తేల్చు యంత్రమును తయారుచేసెను. 1954లో బోర్కెన్‌స్టీన్ దానికంటె సులువైన బ్రెత్ అనలైజరును నిర్మించెను. నేడు మన పోలీసుల చేతిలో చిన్న గొట్టముతో కనబడు యంత్రము వీని సంతతిలోనిదే.

మన దేశముకూడ ఈ దారినే ఆలస్యముగా నడచినది. 1939 నాటి మోటారు చట్టము, త్రాగినవాడు వాహనమును అదుపులో నుంచుకొనలేనంత మైకములో నుండినచో నేరమనెను. ఎంత మైకము? దానికి కొలబద్ద లేదు. 1971లో సుప్రీముకోర్టు యెదుటికి వచ్చిన యొక కేసులో ముద్దాయి నోట మద్యపు వాసన యుండెను, నడక తూలెను, మాట తడబడెను. ఐనను రక్తముగాని మూత్రముగాని పరీక్షింపలేదు గనుక అవి మాత్రమే రుజువునకు చాలవని న్యాయమూర్తులు నిర్ణయించిరి. 1988 చట్టము మరియొక కొసకు పోయి, ఎంత స్వల్పమైనను రక్తములో మద్యసారముండరాదనెను. అది ఆచరణకు పొసగలేదు. 1994 సవరణలో 30 మిల్లీగ్రాముల సంఖ్యయు, బ్రెత్ అనలైజరు పేరును చట్టములో చేరెను. అప్పటినుండి ఈ సెక్షను సర్వము ఆ చిన్న యంత్రముమీద నిలిచియున్నది. యంత్రమును తీసివేసినచో చట్టము తిరిగి వాసన చూచుటకే దిగును.

త్రాగిన మద్యము కడుపునుండి, ప్రేగులనుండి రక్తములో కలసి ఊపిరితిత్తులకు చేరును. అచ్చట కొంత ఆవిరియై లోతైన ఊపిరితో వెలువడును. సుమారు 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఎంత మద్యసారముండునో ఒక మిల్లీలీటరు రక్తములో అంత యుండునను లెక్కపై యంత్రము సంఖ్యను చూపును. ఇది సగటు లెక్క. మనిషికి మనిషికి కొంత భేదముండును. నోటిలో అప్పుడే మిగిలిన తడి, మద్యసారము కలసిన దగ్గు మందు, నోరు పుక్కిలించు ద్రవము — ఇవి లోతైన ఊపిరితో సంబంధము లేకయే సంఖ్యను పెంచగలవు. పదునైదు నిముషములు ఆగి మరల ఊదించినచో ఆ దోషము చాలవరకు తొలగును. యంత్రమును గడువు ప్రకారము సరిచూడనిచో అది అబద్ధము చెప్పును. దానికి పక్షపాతము లేదు గాని జ్ఞాపకశక్తియు లేదు.

ఈ వివరములు పండితుల ముచ్చటకై చెప్పుట లేదు. ఆర్టీసీ డిపోలలో డ్యూటీకి ఎక్కుటకు మునుపు డ్రైవర్లచేత ఊదించుట ఆచారమై యున్నది. అది మెచ్చదగిన ఆచారము. కాని త్రాగని అలవాటుగల డ్రైవరు ఊదగా సంఖ్య కనబడినప్పుడు అతని ముప్పదియేండ్ల జీతము ఆ సంఖ్యపై వ్రేలాడును. అట్టివానికి వెంటనే రెండవసారి ఊదుటకును, కోరినచో రక్తపరీక్షకును హక్కు ఇయ్యవలెను. యంత్రము నిజాయితీని ప్రశ్నింపనిచ్చుట చట్టమును బలహీనపరచుట కాదు. నిర్దోషి యొక్కడు అన్యాయముగా చిక్కినచో, దోషులు వందమంది ఆతని కథ చెప్పికొని తప్పించుకొందురు.

రక్తపరీక్ష సంగతి వచ్చినది గనుక 202వ సెక్షనును చూడుడు. త్రాగి నడపినాడని వారంటు లేకుండ పట్టుకొన్నవానిని రెండు గంటలలోగా వైద్య పరీక్ష చేయింపవలెను; లేనిచో విడిచిపెట్టవలసినదే. ఇది పౌరుని రక్షణకై చేసిన మంచి నియమము. కాని రాత్రి పదకొండు గంటలకు ఒక మండలపు ఠాణాలో పట్టుబడినవానిని రెండు గంటలలో ఏ వైద్యునివద్దకు కొనిపోవలెను? ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఆ వేళ వైద్యుడు లేనిచో జిల్లా ఆసుపత్రికి పోవలెను. పోయి వచ్చులోపల గడువు తీరును. మద్యసారమును శరీరము గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గించుకొనుచుండును గనుక సాక్ష్యమును సగము కరగును. నగరములో వ్యాన్ నిలిపి యంత్రము పట్టుకొన్న పోలీసునకు ఈ చిక్కు లేదు. పల్లెలో ఉన్నదంతయు ఈ చిక్కే.

ఆ 15 మిల్లీగ్రాముల లెక్కలోనే మరియొక సంగతి యిమిడియున్నది. అర్ధరాత్రి 120 మిల్లీగ్రాములతో పండుకొన్నవాడు తెల్లవారి ఆరు గంటలకు లేచునప్పటికి 30 మిగిలియుండును. అతడు స్నానము చేసి, కాఫీ త్రాగి, విభూతి పెట్టుకొని బడిపిల్లల వ్యానుకు బయలుదేరును. తాను త్రాగియున్నానను భావన అతనికి లేదు. స్నానముగాని కాఫీగాని ఆ లెక్కను ఒక గంటయు తొందరపెట్టలేవు. డ్రంక్ అండ్ డ్రైవ్ అనగానే రాత్రి పదింటి తరువాతి పనియని మనము తలచుట పొరబాటు. ఉదయము ఏడు గంటలకు పాఠశాల గేటు వద్ద ఊదించుట అంతకంటె అవసరము.

ఇప్పుడు లెక్కల విషయము. కేంద్ర రవాణాశాఖ ప్రకటించిన లెక్కలనుబట్టి 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరి. ఆ మరణములలో మద్యము కారణమని వ్రాయబడినవి నూటికి మూడింటికి మించవు. అతివేగము కారణమని వ్రాయబడినవి నూటికి డెబ్బదికి పైగా కలవు. ఈ పట్టికను చూచి, త్రాగుడు చిన్న కారణమే గదాయని నిశ్చింతపడువారు గలరు. పట్టిక ఎట్లు పుట్టునో ఆలోచింపుడు. ప్రమాదస్థలమునకు వచ్చిన అధికారి ప్రమాదమునకు ఒక్క కారణమును వ్రాయవలెను. వేగము కంటికి కనబడును: నుజ్జయిన బండి, రోడ్డుపై టైరు గుర్తులు. మద్యము కనబడవలెనన్న రక్తము తీయవలెను, సీసాలో భద్రపరచవలెను, ప్రయోగశాలకు పంపవలెను, నెలలు నిరీక్షింపవలెను. త్రాగినవాడు మెల్లగా నడపునా? వాని వేగమునకు మూలము సీసాలో నుండినను పట్టికలో అతివేగమనియే పడును. కొలవనిది లెక్కకు రాదు. లెక్కకు రానిదానికి బడ్జెటులో పైసా రాదు. మరణించిన ప్రతి డ్రైవరుకును, ప్రాణాపాయకరమైన ప్రమాదములో బ్రతికిన ప్రతి డ్రైవరుకును తప్పనిసరిగా రక్తపరీక్ష చేసినగాని ఆ మూడు నిజముగా మూడో, ముప్పదియో ఎవరును చెప్పజాలరు.

శిక్షకంటె కొలత ముఖ్యమని చెప్పుటకు పరదేశముల చరిత్రయు సాక్ష్యమిచ్చుచున్నది. బ్రిటనులో బార్బరా కాజిల్ రవాణామంత్రిణిగా నుండగా 1967 అక్టోబరులో 80 మిల్లీగ్రాముల హద్దును, ఊపిరి పరీక్షయు అమలులోనికి వచ్చినవి. వెంటనే రాత్రివేళ మరణములు విశేషముగా తగ్గినవి. జనులు భయపడిరి, ప్రతి మలుపులోను పోలీసు ఉండునని తలచిరి. కొన్ని యేండ్లకు వారికి తెలిసినది, పోలీసు ప్రతి మలుపులోను లేడని. అనుమానమున్ననేగాని ఆపరాదని అచ్చటి శాసనము. ఎవరినైన ఆపి పరీక్షింపవచ్చునను మొదటి ప్రతిపాదనను ప్రభుత్వము విడిచిపెట్టియుండెను. అంతట పూర్వపు అలవాటు మెల్లగా తిరిగి వచ్చినది. చట్టము మారలేదు, శిక్ష తగ్గలేదు. పట్టుబడుదుమను భయము మాత్రమే తగ్గినది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమువారు 1982 డిసెంబరులో దీనికి భిన్నమైన దారి తొక్కిరి. పోలీసు బండి బహిరంగముగా, అందరికి కనబడునట్లు నిలుచును; అనుమానముతో పనిలేదు, ఆపినవాడెల్ల ఊదవలసినదే. న్యాయవాదియైనను, కసాయియైనను, మతాచార్యుడైనను ఒకటే. అచ్చట మరణములు తగ్గుటయేగాక తగ్గిన చోటనే నిలిచినవి.

మన 203వ సెక్షను మాటలలో బ్రిటను చట్టము పోలికలే యున్నవి: అనుమానింపదగిన కారణముండిననే ఊదుమనవలెనట. నగరములలో బారికేడు పెట్టి వరుసగా అందరిచేత ఊదించుట వాస్తవమే. దానివలన మేలు కలుగుచున్నది. ఆ పద్ధతికి చట్టములో స్పష్టమైన ఆధారము కల్పించుట శాసనసభలు, పార్లమెంటు చేయవలసిన పని. కాని అంతకంటె పెద్దలోపము మరియొకటి. ఈ పరీక్షలు ఎక్కువగా శని, ఆదివారముల రాత్రులలో, పేరుపొందిన కూడళ్ళలో జరుగును. ఏ కూడలిలో బారికేడు పడినదో ఆ నిముషముననే సెల్‌ఫోనులలో వార్త పరుగెత్తును; బండ్లు ప్రక్క సందులలో దూరును. మన పాఠకులలో అనేకులకు ఇది అనుభవమే. కొందరు ఆ వార్తను పంపినవారును గావచ్చును. ఇక పల్లెకు పల్లెకు నడుమ పోవు రోడ్డున, జాతరనుండి తిరిగి వచ్చు ట్రాక్టరును, మిరపకోతకు కూలీలను క్రిక్కిరియ నింపుకొని పోవు ఆటోను, అర్ధరాత్రి మోటారు సైకిలుపై ముగ్గురు పోవుటను ఆపి ఊదించు యంత్రము ఎచ్చట?

మా పాఠకులలో భూవసతి గలవారు పెక్కండ్రు. వారికి నచ్చని మాటయొకటి చెప్పవలసియున్నది. వరికోతల దినములలో ధాన్యము తోలించుకొనుటకు ట్రాక్టరు డ్రైవరును రాత్రి పనికి నిలుపుటకై కూలితోపాటు ఒక సీసా ఇచ్చుట కొన్ని తావులలో మర్యాదగానే సాగుచున్నది. పెండ్లివారు బస్సు డ్రైవరుకు ప్రత్యేకముగా మందు ఏర్పాటు చేయుదురు, చేయనిచో చిన్నతనమనుకొందురు. ఇట్టివారికి 188వ సెక్షను ఉన్నదని ఎవరైన చెప్పిరా? త్రాగి నడపుటకు ప్రోత్సహించినవానికి సహితము నడపినవాని శిక్షయే. 2019 సవరణ దీనికి తోడు మరియొకటి చేసినది: త్రాగి నడపినచో నష్టపరిహారము విషయమున బీమా కంపెనీ అభ్యంతరము చెప్పుకొనుటకు చట్టమే చోటిచ్చినది. అనగా చనిపోయిన కూలీ కుటుంబమునకు చెల్లింపవలసిన లక్షల భారము తిరిగి బండి యజమాని తలపై, అతని పొలముపై పడుటకు దారి యేర్పడినది. కామందు ఇచ్చిన సీసా వెల ఎంతో కోర్టులో తేలును. ఐతే ఈ 188వ సెక్షను క్రింద యజమానులమీద కేసులు నడచుట అరుదు. కూలీ చచ్చును, డ్రైవరు జైలునకు పోవును, సీసా ఇచ్చినవారు దినవారములకు వచ్చి ఓదార్చిపోవుదురు.

ప్రభుత్వమును కామందువంటిదే యని చెప్పక తప్పదు. రెండు తెలుగు రాష్ట్రములందును మద్యపు టోకు వ్యాపారము ప్రభుత్వ సంస్థల చేతిలోనిది. ఆంధ్రప్రదేశములో 2019 అక్టోబరునుండి అయిదేండ్లు చిల్లర దుకాణములను సహితము ప్రభుత్వమే నడపెను; 2024 అక్టోబరులో అవి మరల ప్రైవేటువారి పరమైనవి. ఒకచేత సీసా నమ్మి, మరియొకచేత గొట్టము పట్టి ఊదుమనుట ఈ కాలపు పరిపాలనకు వింతగా తోచదు. 1921లో కల్లు దుకాణముల యెదుట పికెటింగు చేసి జైళ్ళకు పోయినవారికిని, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనుండి సారా వ్యతిరేకోద్యమమును లేవదీసిన స్త్రీలకును అది వింతగా తోచియుండును. ఆ స్త్రీల పట్టుదలవలన సారాపై 1993లోను, సమస్త మద్యముపై 1995లోను నిషేధము వచ్చెను. రెండేండ్లు గడచి గడువకముందే సంపూర్ణ నిషేధము సడలింపబడెను. నిషేధముయొక్క మంచిచెడ్డలు వేరొక వ్యాసమునకు చెందినవి. దుకాణమెచ్చట నుండవలెనను ప్రశ్న మాత్రము ఈ వ్యాసమునకు చెందినదే.

2016 డిసెంబరు 15వ తేదీని సుప్రీముకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపల మద్యపు దుకాణములుండరాదని తీర్పుచెప్పెను. 2017 మార్చిలో 20,000 జనాభాకు మించని స్థానిక సంస్థల పరిధులలో ఆ దూరమును 220 మీటర్లకు తగ్గించెను. అంతట ప్రభుత్వములు కొన్ని యేమిచేసినవి? దుకాణములను జరుపుటకు బదులు రోడ్ల పేర్లను మార్చినవి. పట్టణములోగుండ పోవు రాష్ట్ర రహదారి ఒక తెల్లవారి జిల్లా రోడ్డయ్యెను. రోడ్డు అదే, లారీలు అవే, గుంటలును అవే. కాగితముపై మాత్రము రహదారి మాయమయ్యెను. ఆ 2017 జూలైలో మునిసిపల్ హద్దులలోని దుకాణములకు పై తీర్పు అడ్డుగాదని న్యాయస్థానమే స్పష్టముచేసెను. బండి యెక్కి వచ్చి, త్రాగి, బండి యెక్కి పోవుటకే నిర్మించినట్లున్న పర్మిట్ రూములు, ధాబాలు ఊరిచివర నేటికిని వెలుగుచున్నవి. వాని ముంగిట ఎన్ని బండ్లు నిలిచియున్నవో లెక్కించుటకు బ్రెత్ అనలైజరుతో పనిలేదు. రెండు కండ్లు చాలును. పోలీసు నిలువవలసిన మొదటి చోటు అదే. అచ్చటనుండి బండి కదలకముందే ఊదించినచో శవపరీక్షతో పని యుండదు. కాని ఆ దుకాణముల గిరాకి తగ్గినచో ఖజానాకు వచ్చునది తగ్గునని ఆబ్కారీశాఖ మొగము చిట్లించును. రెండు శాఖలకును యజమాని ఒక్కడే యగుటచే ఈ తగవు ఎట్లు తీరుచున్నదో ఊహింపవచ్చును.

ఈ విషయమున వెంటనే చేయదగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రతి ఠాణాలోను సరిచూచిన యంత్రమొకటి, రాత్రివేళ రక్తము తీయుటకు పిలిచిన వచ్చు వైద్యుడు లేదా వైద్యురాలు, ప్రమాదములో చిక్కిన ప్రతి డ్రైవరుకు తప్పని పరీక్ష. ఇవి లేకుండ జరిమానాను 10,000నుండి 20,000 చేసినను పట్టుబడనివానికి రెండును ఒకటే. శాసనసభ్యులలో ఎవరైన పూనుకొని, తమ జిల్లాలో గడచిన సంవత్సరము ఏ రోడ్డుమీద, ఏ గంటలో, ఎందరిచేత ఊదించిరి, అందులో ఎన్ని నగరము వెలుపల జరిగినవి, 188వ సెక్షను క్రింద ఎందరు యజమానులు న్యాయస్థానమునకు వచ్చిరి అను పట్టికను సభ ముందుంచుమని ప్రభుత్వమును అడుగవలెను. ప్రశ్న వేయుటకు ఖర్చు లేదు. జవాబులో సున్నలెన్ని యుండునో చూతము.